ఒట్టు రద్దు పత్రం

బెంగళూరు క్యాంపు,
మార్చి 3

అమ్మకు నమస్కారాలతో నీ సౌభాగ్య రాసేది.

నేను బాగున్నాను. రెండు పూటలా గుడ్లు పెడుతున్నారు. రెండు ఫోన్లు నీ ఇస్త్రీ పెట్టె కిందికి పోయి చదునయ్యాక మూడోది వద్దన్నావు. "ఫోన్ల నీ మాట ఉరుకుతది, చేతికి చిక్కది. కాయితం మీదనయితె నిలవడ్తది" అన్నావు. అందుకే రాస్తున్నాను. మాకూ ఇక్కడ ఆదివారం తప్ప ఫోన్లు ఇవ్వరు. ఆదివారం నీ ఇస్త్రీ బండి ఉండే నాంపల్లి కోర్టుకు సెలవు, నీకు చదివి వినిపించే టైపిస్టు రామచంద్రమూర్తి సారు ఉండరు.

కొలంబోలో నేను పరుగెత్తిన వీడియో సారు ఫోనుకు పంపాను. మూడో స్థానం వచ్చింది. మెడలో పతకం చూడు. హర్డిల్ అంటే ఏందని అడిగావు కదా. నీ ఇస్త్రీ బల్ల ఎంత ఎత్తుంటుందో అంత ఎత్తు కట్టె. నూరు మీటర్ల దారిలో అలాంటివి పది. వాటి మీదుగా పరుగెత్తాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఆసియా పోటీలు ఈసారి కొరియాలో జరుగుతాయి. ఎంపికకు రెండు పరుగులు పెడతారు. ఒక్కసారైనా 13.20 సెకన్లలో గీత దాటితే వెళ్తాను, లేకపోతే లేదు. నా మంచి టైము 13.27.

పరుగులో నా తల నీళ్లబిందె మోస్తున్నట్టు కదలకుండా ఉంటుందట. ఎవరు నేర్పారని కోచ్ విద్యాసాగర్ సార్ అందరి ముందూ అడిగారు. చిన్నప్పుడు ఇస్త్రీ అయిన వకీళ్ల నల్లకోట్లు హ్యాంగరు పట్టుకుని, మడత పడకుండా, జడ్జి వచ్చేలోపు కోర్టు బెంచీల మీదుగా దూకి ఇచ్చి వచ్చేదాన్ని, మా అమ్మ నేర్పింది అని చెప్పాను.

ఇట్లు,
నీ బిడ్డ సౌభాగ్య

తా.క.: మూర్తి సారూ, వీడియో దయచేసి ఆఖరిదాకా చూపించండి. పోయినసారి అమ్మ చూసింది వేరే అమ్మాయిని.


నాంపల్లి,
మార్చి 8

చిరంజీవి సౌభాగ్యకు, తల్లి సమ్మక్క, వృత్తి ఇస్త్రీ, నివాసం నాంపల్లి, ఆశీర్వదించి వ్రాయించునది ఏమనగా:

తేది మార్చి 3 నాటి నీ ఉత్తరము అందినది. సదరు వీడియో మూడుసార్లు చూచితిని. పతకము కనబడినది. అంతకుముందు నీవు మూడు కట్టెలను తన్ని పడగొట్టినట్లు కూడా కనబడినది. ఈ విషయమై నా మాటలు యథాతథంగా: "పరాయి దేశం పొయ్యి వాళ్ల సామాను తన్ని, వెనక్కన్న సూడకుంట ఉరుకుతవా? అవి ఎవరు లేపాలె? నేను పొద్దంత ఇస్త్రీ చేసిన బట్ట ఒకడు ఉత్తగనె నలిపిపోతె నాకెట్లుంటది?"

కావున సదరు కట్టెలు లేపు మనుషులు ఎందరు, వారికి పిల్లలు ఎందరు, నడుము నొప్పి గలదా లేదా తెలుపగలవు.

ఇకపై ఏ దేశమందును ఏ ఒక్క కట్టెనూ పడగొట్టరాదని నా మీద ఒట్టు పెట్టి చెప్పుచున్నాను.

ఇట్లు,
సమ్మక్క (వేలిముద్ర)

తా.క.: టైపిస్టు రామచంద్రమూర్తి వ్రాయునది. మూడో కట్టె గాలికి పడి ఉండవచ్చునని మీ తరఫున వాదించాను. అమ్మగారు కొట్టివేశారు.


బెంగళూరు క్యాంపు,
మార్చి 24

అమ్మకు, నీ సౌభాగ్య దండాలు పెట్టి రాసేది.

మొదటి పరుగు మొన్న అయింది. పదింటిలో ఒక్క హర్డిలూ పడలేదు. ఒక్కటి కదలను కూడా లేదు. ఎండబెట్టిన వడియాలను దాటే పిల్లిలాగా ప్రతిదాన్నీ జానెడు పైనుంచి దాటాను. టైము 13.58. ఎనిమిదిమందిలో ఏడోదాన్ని. హర్డిల్స్ మీదుగా వచ్చావా, మిద్దె మీదుగా వచ్చావా అని సార్ అడిగారు. నీ ఒట్టు సంగతి చెప్పాను. ఆయన టోపీ తీసి, చాలాసేపు దాని లోపలికి చూస్తూ ఉండిపోయారు.

అమ్మా, ఈ ఆటలో హర్డిల్ పడటం తప్పు కాదు. కాలు తగిలితే మాకు దెబ్బ తగలకుండా పడిపోయేలాగే దాన్ని చేస్తారు. ఎంత కిందుగా పోతే అంత వేగం. అలా పోయినప్పుడు ఒక్కోసారి కాలు రాసుకుంటుంది. నేను డిగ్రీ చదివాను. ఒట్టు తప్పితే ఎవరికీ ఏమీ కాదని పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. అయినా హర్డిల్ దగ్గరికి వచ్చేసరికి నువ్వు కనబడుతున్నావు. నీకేమైనా అవుతుందేమోనని కాలు దానంతటదే పైకి లేస్తోంది.

రెండో పరుగు ఏప్రిల్ 12న. అదే ఆఖరు. ఒట్టు పెట్టినవాళ్లే తీసెయ్యాలంటారు కదా. ఒట్టు తీసి గట్టు మీద పెట్టానని ఒక్క మాట రాయించు.

హర్డిల్స్ లేపేవాళ్లు ఆరుగురు. పెద్దాయన పేరు దుర్గేష్. ముగ్గురు పిల్లలు. నడుము నొప్పి లేదట, మోకాలి నొప్పి ఉందట.

నీ బిడ్డ,
సౌభాగ్య

తా.క.: మూర్తి సారూ, ఒట్టు గురించి రాసింది నెమ్మదిగా, రెండుసార్లు చదవండి.


నాంపల్లి,
మార్చి 30

చిరంజీవి సౌభాగ్యకు, తల్లి సమ్మక్క దీవించి వ్రాయించునది ఏమనగా:

ఒక్క కట్టెయును పడలేదని విని మిక్కిలి సంతోషించితిని. కోర్టులో వకీళ్లకు, గుమాస్తాలకు, ఇద్దరు ముద్దాయిలకు చక్కెర పంచితిని. "నా బిడ్డ ఒకరి సామాను ముట్టది" అని అందరికీ చెప్పితిని. నీవు ఏడవదానివి అయినచో ఎనిమిదవ పిల్ల ఎవరు? ఏడ్చుచున్నదా? ఆమెకు ధైర్యము చెప్పుము.

దుర్గేష్ మోకాలికి తైలము, కట్టెలు లేపు ఆరుగురికి నాలుగు ప్యాకెట్ల ఉస్మానియా బిస్కట్లు అబిడ్స్ పెద్ద పోస్టాఫీసు నుండి పంపడమైనది.

ఇట్లు,
సమ్మక్క (వేలిముద్ర)

తా.క.: మీరు కోరిన ఒట్టు రద్దు విషయం సున్నితమైనది. నోటి ఒట్టయితే గట్టు మీద పెట్టవచ్చును. ఇది టైపు చేసి వేలిముద్ర పడిన ఒట్టు. రద్దు పత్రం ముసాయిదా తయారవుతున్నది. తగిన సమయం చూసి అమ్మగారి ముందుంచుతాను. తొందరపడవద్దు.

మరో తా.క.: ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద అమ్మగారు పాత అట్లాసు కొన్నారు. అందులో కొరియాలు రెండున్నవి. మీరు దూకబోయేది ఏదో ధ్రువీకరించగలరు. ఒక బిస్కట్ల ప్యాకెట్టు తనిఖీ నిమిత్తం తెరవడమైనది.


బెంగళూరు క్యాంపు,
ఏప్రిల్ 13

అమ్మా,

ముందు ఈ ప్రశ్నకు జవాబు రాయించు. నీ ఒంట్లో బాగుందా? నిన్న సాయంత్రం నాలుగూ పదికి కళ్లు తిరగడం, చెయ్యి కాలడం లాంటివి ఏమైనా జరిగాయా?

రద్దు పత్రం రాలేదు. నేను ఒట్టు తప్పాను. రెండు హర్డిల్స్ పడ్డాయి, నాలుగోది, ఎనిమిదోది.

గీత దగ్గర వంగి ఉన్నప్పుడు ఆలోచించాను. అమ్మ ఈ ఒట్టు ఎందుకు పెట్టింది? సామాను మీద ప్రేమతో కాదు, లేపేవాళ్ల మీద ప్రేమతో. అయితే పడినవి నేనే లేపుతాను అనుకున్నాను. ఆ తర్వాత నువ్వు కనబడలేదు, దారి కనబడింది.

గీత దాటాక టైము చూడలేదు. వెనక్కి నడిచి ఎనిమిదోది లేపాను. నాలుగోది అప్పటికే దుర్గేషన్న పట్టుకున్నాడు. ఇద్దరం చెరో పక్క లాగాం. నా పని నువ్వు చేస్తే నన్నెందుకు ఉంచుకుంటారమ్మా అన్నాడు. చివరికి ఇద్దరం కలిసి నిలబెట్టాం. అప్పుడు బోర్డు చూశాను. 13.17.

అమ్మా, నేను కొరియాకు వెళ్తున్నాను. కానీ నీ జవాబు వచ్చేదాకా సంతోషపడలేను. నన్ను బడిలో వేసిన రోజు నువ్వు చదవలేని కాగితం మీద వేలిముద్ర వేశావు. ఆ ముద్ర మీద నిలబడే ఇంతదూరం వచ్చాను. అదే ముద్ర ఉన్న మాటను నిన్న తప్పాను. క్షమించు.

నీ సౌభాగ్య

తా.క.: తైలం పనిచేస్తోందట. తనిఖీ చేసిన ప్యాకెట్టు ఖాళీగా అందింది.


నాంపల్లి,
ఏప్రిల్ 18

బిడ్డా సౌభాగ్యా,

నీ తల్లి సమ్మక్క చెప్తున్నది. ఇది మూర్తి సారు టైపు గాదు. అహల్య వకీలమ్మ చేత్తోని రాస్తున్నది, నేను ఎట్ల చెప్తె అట్లనె.

మూర్తి సారు పెండ్లికని ఊరికి పొయ్యిండు. నీ కాయితం అహల్యమ్మతోని సదివిచ్చిన. ఒట్టు అన్న కాడ జర ఆపుమన్న. ఏం ఒట్టు? ఎవలు పెట్టిన్రు? నేను జిందగీల ఒక్క ఒట్టు పెట్టలే బిడ్డా.

నిన్న సారు వచ్చిండు. బండి కాడ నిలవెట్టి అడిగిన. "నలభై ఏండ్ల సంది రాస్తున్న సమ్మక్కా, ఆఖర్ల ప్రమాణం లేకుంటె అది కాయితమే గాదు. అలవాటుల చెయ్యి ఒట్టును టైపు కొట్టేసింది" అన్నడు. తర్వాత నువ్వు ఒట్టు తియ్యుమని రాస్తె, భయపడి ఆ ముచ్చటంత నాకు సదవకుంట మింగిండు. బొగ్గులు ఊదుకుంట ఆయన దిక్కే సూసిన. ఆయన అంగి తడిసింది. ఏమంటం? నీ బడి అర్జీ, హాస్టల్ అర్జీ అన్నీ ఆయన చేతివే. గా చెయ్యి లేకుంటె నువ్వు గాడ లేవు.

నాకు ఏం కాలే, ఫికర్ చెయ్యకు. ఆనాడు నాలుగూ పదికి అహల్యమ్మ కోటు కాలర్ చేస్తున్న. ఒక్క మడత రాలే.

నువ్వు వెనక్కి పొయ్యి లేపినవు సూడు, గది పతకం కన్న పెద్దది నాకు. కాని కొరియాల ఎవరి నౌకరి తియ్యకు. వాళ్లకు దండం పెట్టు, సాలు.

నీ తల్లి,
సమ్మక్క (వేలిముద్ర. ఈసారి ముందుగాల సదివిచ్చుకొని పెట్టిన.)

తా.క.: రామచంద్రమూర్తి స్వహస్తంతో, అహల్య గారి పర్యవేక్షణలో వ్రాయునది. నేరం ఒప్పుకుంటున్నాను. మార్చి 8 నాటి ఉత్తరంలో నేను ఒట్టు పెట్టిన చోట మీ అమ్మగారు చెప్పిన ఆఖరి మాట వేరే ఉన్నది. పత్రానికి తగిన భాష కాదని తీసివేశాను. ఇప్పుడు ఉన్నదున్నట్టు దాఖలు చేస్తున్నాను: "సరె, పడ్తె పడనియ్యి బిడ్డా. నువ్వు పడకుంటె సాలు."