మొదటి చేప ఎవరిది

ఎమ్మిగనూరు,
శనివారం.

నా బిడ్డ ప్రార్థనకు, మనల్ని ఇంతదూరం మోసుకొచ్చిన ప్రభువు పేరట నాయన రాసే దీవెనలు. ఇక్కడ నేను, మీ అమ్మ వేళకు ఇంత ముద్ద తిని, సాయంత్రం మోకాళ్ల మీద నీ పేరు తలుచుకుని పడుకుంటున్నాం. ఒంట్లో ఏ కొరతా లేదు. మైసూరులో నువ్వూ, నీ గదిలో ఉండే పిల్లలూ అలాగే ఉన్నారని నమ్ముతున్నాను.

ఫోనులో అయిపోయేదానికి ఉత్తరాలెందుకని నీ స్నేహితురాలు నవ్విందని రాశావు. నవ్వనీ. మన ఇంట్లో ఫోను సంగతి నీకు తెలియనిదా? మీ అమ్మ స్పీకరు పెట్టనిదే మాట్లాడదు. స్పీకరు పెడితే ఎదురింటి రాజేశ్వరి చేటలో బియ్యం పట్టుకుని మన అరుగు మీదికి వస్తుంది. ఈ సంగతి అరుగు మీద చెప్పేది కాదు.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. మీ అమ్మ మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన నూనె వల్ల అని ఆమె అంటుంది, నేల మీద కూర్చోవడం మానినందువల్ల అని నేనంటాను. మన ఆటో వెనక బైబిలు వాక్యం ఎండకు వెలిసిపోయిందన్నావు కదా, ఎర్ర రంగుతో మళ్లీ రాయించాను. ఇప్పుడు కోడుమూరు రోడ్డులో నా వెనక వచ్చే లారీవాడు చదవకుండా తప్పించుకోలేడు. వానలు ఈ ఏడు తొందరపడ్డాయి. రోహిణి ఎండలకు బండలు పగలాల్సిన రోజుల్లో ముసురు పట్టింది. హంద్రీ పారి గాజులదిన్నె డ్యామ్ నిండుకుండలా ఉంది. ఒడ్డునున్న సర్కారు తుమ్మ చెట్లు మెడలోతు నీళ్లలో నిలబడి ఉన్నాయి.

ఇక నువ్వు ఉత్తరం అడుగున చీమల బారులాగా రాసిన ప్రశ్న. ‘దినేష్‌కు బాప్తిస్మం ఎప్పుడిస్తావు నాయనా?’ అంత సన్నగా రాస్తే నా కంటికి ఆనదనుకున్నావా తల్లీ?

దాపరికం లేకుండా చెబుతాను. నాకు అతని మీద అనుమానం. ఆ బెస్త ఎల్లప్ప కొడుకు చేపల పెట్టెలు ఇన్నాళ్లూ నా ఆటోలోనే మార్కెట్టుకు తెచ్చుకున్నాడు. ఒక్కసారీ వాక్యం గురించి అడగలేదు. నువ్వు అతణ్ణి చేసుకుంటానని చెప్పిన నెలలోనే వచ్చి, “అయ్యా, నేను మునుగుతా” అన్నాడు. నీళ్లలో మునిగి బాప్తిస్మం తీసుకోనివాడికి మన సంఘంలో పిల్లనివ్వరని అతనికి తెలుసు. మన సంఘంలోని పెద్దయ్య అందరిముందూ అననే అన్నాడు: “జయన్నా, జాలరోని తెలివి సూడప్పా! పరలోకాన్ని ఎర ఏసి నీ బిడ్డను పట్టబట్టె.” అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ మాట నాలో అంతకుముందే ఉంది.

అప్పటినుంచి అతణ్ణి కనిపెట్టి చూశాను. ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటే నేను ఒక కన్ను తెరిచాను. అతను మూసుకునే ఉన్నాడు. మరీ అంత గట్టిగా మూసుకోవడమేమిటని అదొక అనుమానం. పాటలో చప్పట్లు కొడితే నటన అనుకున్నాను, కొట్టకపోతే మనసు లేదనుకున్నాను. గిద్యోను దేవుణ్ణే గొర్రెబొచ్చు పరిచి రెండుసార్లు పరీక్షించాడు. నేను మనిషిని పరీక్షిస్తే తప్పేముంది?

వాళ్ల ఇంట్లో ఒక ఆచారం ఉంది. డ్యామ్‌కు కొత్త నీళ్లు వస్తే, ఏ రోజుకారోజు పడిన మొదటి చేపను ఇంటికి తీసుకుపోరు. గంగమ్మదని నీళ్లలోకే వదిలేస్తారు. మనసు మారినవాడైతే మొదటి చేపను బుట్టలో వేస్తాడు, మారనివాడైతే వదులుతాడు. ఇంతకన్నా తేటగా ఏ పరీక్ష ఉంటుంది? పోయిన సోమవారం పొద్దున్నే డ్యామ్ దగ్గరికి పోయి, నేనూ నీ పుట్టి పడవలో వస్తానన్నాను.

“నీకు ఈత వచ్చునా అయ్యా?” అన్నాడు.

“నన్ను సూసుకునేటోడు ఉండాడు. నువ్వు ఎక్కించుకో.”

“ఆయప్ప నీళ్లమీద నడిసినాడు. నువ్వు మాత్రం నడిమిట్ల కూసో, కదలొద్దు” అని నవ్వాడు. ఆ నవ్వు మీద కూడా నాకు అనుమానమే.

నడి డ్యామ్‌లోకి పోతాడనుకుంటే ఒడ్డువెంట తుమ్మల్లోకి తిప్పాడు. ఎందుకంటే, “నీళ్లు ఎక్కినప్పుడు లోతులో ఏముంటాదయ్యా? కొత్తగా మునిగిన గడ్డిలో పురుగుంటాది, కప్ప ఉంటాది. చేప ఈడికే వస్తాది” అన్నాడు. ఆ ముళ్లలో వల వేస్తే చిరుగుతుందని గాలానికి చిన్న కప్పను గుచ్చి, తుమ్మ కొమ్మల సందున వేశాడు. కాసేపటికి నీళ్లు దబ్బున లేచాయి. మోచేతి పొడవు కొర్రమీను. గాలం ఊడదీశాడు, నా దిక్కు ఒకసారి చూశాడు, చేపను మెల్లగా నీళ్లలోకి జార్చేశాడు.

నా గుండె ఎగిసింది తల్లీ, సంతోషంతో. దొరికాడనుకున్నాను. బిడ్డ బతుకుకు సంబంధించిన సంగతిలో దొరికాడని సంతోషించిన తండ్రిని నేనొక్కణ్ణే అయి ఉంటాను.

“యాల వదిలితివి?”

“పిల్లల తల్లి అయ్యా అది. తల్లిని పడితే పిల్లల్ని వేరే చేపలు మింగుతాయి.”

పిల్లలున్న కొర్రమీను మీద పిల్లలు ఎర్రటి గుంపుగా తేలుతూ తిరుగుతాయని డ్యామ్ దారిన పోయేవాళ్లందరికీ తెలుసు. నేను వంగి చూశాను. నీళ్ల మీద తుమ్మాకు తప్ప ఏమీ లేదు.

“పిల్లలు యాడరా?”

అతను గాలానికి ఇంకో కప్పను గుచ్చసాగాడు. కూర్చుని ప్రసంగించడం నాకు చేతకాదని నీకు తెలుసు. లేచి నిలబడ్డాను. అననీయ, సప్పీరా ఒక్క అబద్ధానికి ఎలా కూలి ప్రాణాలు వదిలారో చేయెత్తి మొదలుపెట్టాను. “కూసో అయ్యా, నీకు దండం పెడతా, కూసో!” అని అతను అరుస్తూనే ఉన్నాడు. అననీయ కూలేలోపే పుట్టి గిర్రున తిరిగింది. నేను తుమ్మల్లో పడ్డాను. కేక వేశాను. మునిగాను.

అతను దూకి, చొక్కా కాలరు పట్టి, ముళ్ల కొమ్మలు తన చేత్తో వంచి నన్ను బయటికి లాగాడు. నర్సు చదువుతున్నదానివి, అడుగుతావని రాస్తున్నాను: గీతలే, లోతు గాయాలు లేవు, టీటీ సూది వేయించుకున్నాను. అతని అరచేయి నా ఒంటికన్నా ఎక్కువ చీరుకుపోయింది.

ఒడ్డున కూర్చుని చొక్కా పిండుకుంటుంటే తనే చెప్పాడు. “అబద్ధమే సెప్పినా అయ్యా. మాయమ్మ ఉరుకుందమ్మ దినామూ గడపలోనే అడుగుతాది, మొదటిది వదిలితివా నాయనా అని. లేదంటే ఆ దినం అన్నం తినదు. ఆయమ్మకి అబద్ధం సెప్పేకి నాకు నోరు రాదు. నీకు సెప్పేకి వచ్చింది. తప్పే.”

“మరి మునుగుతానంటివే?”

“ఇప్పుడొద్దులేయ్యా. ముందు అమ్మకి సెప్పాల. దొంగతనంగా మునిగితే అది మునిగినట్టా? ఆయమ్మ ఊ అన్నంక వస్తా. అంతవరకు పిల్లనియ్యనంటే నీ ఇష్టం, నేను ఏమనను.”

ఇంటికొచ్చినా ఆ మాట నన్ను వదల్లేదు. నీ కోసమే మునిగేవాడైతే ఆదివారమే మునిగేవాడు. ముక్కు మూసుకుని ఒక్క మునక, అంతే కదా? నువ్వు చేజారుతావని తెలిసీ వద్దన్నాడు.

ఇప్పుడు నీకు చెప్పకుండా ఇంతసేపు నెట్టుకొచ్చిన మాట. పుట్టిలోంచి పడినప్పుడు నేను కేక వేశానన్నాను కదా. పేతురు మునిగిపోతూ పిలవాల్సిన ప్రభువునే పిలిచాడు. మీ నాయన నోట వచ్చింది “అమ్మా, గంగమ్మా!” అని. ఇంతకాలం మైకు పట్టుకుని ఎవరి పేరు ఎత్తవద్దని ఊళ్లూళ్లు తిరిగి గద్దించానో, ఆ పేరే. నా చిన్నప్పుడు బావిమెట్ల మీద కాలు జారితే మా అవ్వ వేసే కేక అది. ఎక్కడ దాక్కుని ఉందో, నాకంటే ముందు నా నోరు తెరిచింది.

దినేష్ పక్కనే ఉన్నాడు, విన్నాడు. నాలో అనుమానం మళ్లీ పడగెత్తింది. టీ కొట్టు దగ్గర నేను పోగానే మాటలు ఆగితే, చెప్పేశాడనుకున్నాను. వాళ్లు మాట్లాడుకుంటున్నది పత్తి ధర గురించి. మార్కెట్టులో పెద్దయ్య నా ఎదుటే దినేష్‌ను, “అయ్య యాల తడిసినాడంటప్పా?” అని అడిగితే, “నన్ను గద్దించేకి లేసి నిలబడినాడు, ఆ బరువుకి పుట్టి తట్టుకోలేకపాయ” అని నవ్వించి పంపాడు. ఆ కేక గురించి ఒక్క మాట అనలేదు. మంచితనమా, రేపు పెళ్లి దగ్గర వాడుకుందామని దాచుకున్నాడా? ఈ కుళ్లు మనసు ఉండబట్టలేక నిన్న పోయి అడిగేశాను.

“నీళ్లలో పడినప్పుడు నేనేమంటినో నీకు ఇనపడలేదా?”

చేపలు సర్దుతూ తల ఎత్తకుండానే, “యాడ ఇనపడుతుందయ్యా, సెవుల నిండా నీళ్లు పోయె” అన్నాడు.

అతను నీళ్లలోకి దూకింది నేను కేక వేసిన తర్వాత. ఆ అబద్ధానికి నేను లేచి నిలబడలేదు. అననీయను పిలవలేదు. ఆటో తిప్పుకుని వచ్చేశాను.

రాత్రంతా బైబిల్లో నయమాను కథ దగ్గరే ఆగిపోయాను తల్లీ. కుష్ఠు పోయి దేవుణ్ణి నమ్ముకున్నాక కూడా ఆ సేనాపతి ప్రవక్తను ఒకటి అడిగాడు: మా రాజు నా చేతిమీద ఆనుకుని తన దేవుడి గుడిలో వంగినప్పుడు నేనూ వంగాల్సి వస్తుంది, అది మన్నిస్తారా అని. ప్రవక్త మండిపడలేదు, నెమ్మదిగా వెళ్లిరమ్మన్నాడు. అన్నిసార్లు చదివిన ఆ మాట మీద నేను ఒక్కరోజూ ప్రసంగించలేదు. రేపు ప్రసంగిస్తాను. నా నోట వచ్చిన కేక కూడా సంఘానికి నేనే చెబుతాను. మైకు లాక్కుంటే లాక్కోనీ. అయితే నా బిడ్డ ఎవరి నోటిగుండానో వినకూడదని ముందు నీకు రాశాను.

దినేష్‌ను నేను ముంచను. వాళ్లమ్మ ఊ అన్న రోజు తనే వస్తాడు, రాకపోతే అది అతనికీ దేవుడికీ మధ్య సంగతి. నీ పెళ్లికి మాత్రం దాన్ని అడ్డం పెట్టను. మునగనివాడికి పిల్లనిచ్చావేమని ఎవరైనా అడిగితే, మునిగినవాడి నోట ఏం వచ్చిందో విన్నారు కదా అంటాను.

చదువు పూర్తి చేసుకుని రా. నీకు ఇష్టమైనవాడు నాకూ ఇష్టమే.

ఇట్లు,
నిన్ను దేవుడి చేతిలో పెట్టి, అతణ్ణి మాత్రం ఇంకా ఓరకంట చూస్తున్న
నీ నాయన జయన్న