అద్దంలా మెరిసిన రికార్డు

కడప, 2006. గురువారం.

బేతంచెర్లలో బండల ఫ్యాక్టరీ నడిపే ఓబులప్ప, చనిపోయిన వాళ్లమ్మ పాడిన గ్రామఫోన్ రికార్డును కంప్యూటర్లోకి ఎక్కించి సీడీ చేయమని నా షాపుకు తెచ్చాడు. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్క రికార్డులోనే. సంచిలోంచి తీస్తే రికార్డులో నా ముఖం కనిపించింది!

"దుమ్ము లేకుండా తెమ్మంటివి కదప్పా! బండలకు పట్టే పాలిష్ నేనే దగ్గరుండి పట్టించినా. గరుకంతా పోయింది, సూడు," అన్నాడు మురిసిపోతూ.

ఆ గరుకు గీతల్లోనే కదా పాటంతా ఉండేది! రుద్దొద్దని ఫోన్లో ఒక్క మాట చెప్పి ఉంటే...

ప్లేయర్ మీద రికార్డు వేసి ముల్లు పెట్టాను. జర్రున జారిపోయింది. మళ్లీ పెట్టాను.

"సౌండు పెంచప్పా, మాయమ్మది శానా సన్న గొంతు," అన్నాడు.

పెంచాను.