లీజియే భయ్యా

కళింగపట్నం

ప్రియమైన తమ్ముడు నూకయ్యకి,

నీ కాలు విరిగి వేట మానేశావని దిగులుగానే ఉంది. కానీ కనకం వండూరు జెట్టీ దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీలు, చేపల వేపుడు అమ్ముతోందని, అండమాన్ నుంచి వచ్చి ఓడ దిగిన మనూరి దానయ్య పదిమందిలో చెప్పాడు. మనింటి ఆడవాళ్ళు చేపలమ్మారు గానీ వండిన కూడు రోడ్డున అమ్మలేదు. మీ బావ సిగ్గుతో బయటికి రావడం లేదు. ఫోనులో అంటే పక్కన తను వింటుందని రాస్తున్నాను. నీ పెళ్ళాం చేత అది మాన్పించు.

నీ మేలు కోరే అప్ప,
తవిటమ్మ

వండూరు

ప్రియమైన అప్పకి,

మాన్పించాలనే కర్ర ఊతంతో జెట్టీకి వెళ్ళాను. కనకం వంజరం ముక్కలు వేపుతోంది. చుట్టూ పడవ దిగిన జనం. బోటు ఓనరు రాజ్‌కిరణ్ అక్కడే తింటున్నాడు. నన్ను చూసి, ఈ దీదీ, అదే ఈ అక్క, నీకు తెలుసా అని హిందీలో అడిగాడు.

"తెలీదు" అనేశాను.

కనకం విన్నది. ఆకులో రెండు ఇడ్లీలు, ఒక ముక్క పెట్టి నాకు అందించింది.

"లీజియే భయ్యా" అంది.

తీసుకో అన్నా అని, తాళి కట్టిన నన్ను, అప్పా. కోపంతో కాదు, నా అబద్ధం నిలబెట్టడానికే అనుకుంటాను. అక్కడే నిలబడి తిన్నాను. తన ముఖం చూడలేకపోతున్నాను.

సిగ్గుతో,
నూకయ్య

కళింగపట్నం

ప్రియమైన తమ్ముడికి,

ఆ మాట నీ నోట పెట్టింది నేనే. కనకానికి ఫోను చేసి తప్పయిందన్నాను. బండి కాడ జనమున్నారు వదినా, మళ్ళీ చేస్తానంది. చెయ్యలేదు. నువ్వు మాత్రం ఆ ఓనరు ముందే నిజం చెప్పు.

ముఖం చెల్లని అప్ప,
తవిటమ్మ

వండూరు

ప్రియమైన అప్పకి,

చెప్పాను. జనం మధ్యలో, ఈమె నా భార్య, ఈమె సంపాదనే తింటున్నాను అన్నాను. రాజ్‌కిరణ్ తలదించుకున్నాడు. ఆ సంగతి తనకి ముందే తెలుసట, జెట్టీలో అందరికీ తెలుసట, ఆ రోజు వేళాకోళానికే అడిగాడట. అంటే ఆ పూట అక్కడున్న వాళ్ళంతా నా అబద్ధం చూస్తూ తిన్నారు.

జనం వెళ్ళాక కనకాన్ని అడిగాను, అందరికీ తెలుసని నీకూ తెలుసు కదా, మరి నన్నెందుకు కాచావని.

"కాయలేదు. నువ్వు తెలీదన్నాక, మొగుడివని నేనెలా చెప్పుకుంటాను?" అంది.

రోజూ బండి పక్కన కూర్చుని చేపలు కోసిస్తున్నాను. మాట్లాడదు. కోసినవి మాత్రం తీసుకుంటోంది.

నీ తమ్ముడు,
కనకలక్ష్మి భర్త నూకయ్య