తెర అంచున నాలుగు వేళ్ళు

కోడలమ్మాయికి,

పక్క గదిలో ఉండి ఉత్తరమేమిటని నవ్వకు. ఎదురుగా చెప్పే ధైర్యం చాలక రాస్తున్నాను. మీ స్కూలుకు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరం నేను రాసిందే. నువ్వు తరగతిలో చదివి వినిపించే బొమ్మల పుస్తకాన్ని ఇంట్లో తిరగేసి, ఆ తరగతిలోనే ఉన్న నీ కూతురు, మన 'పిచ్చుక', నిద్రలో కలవరించింది. "ఎనిమిదేళ్ళ పిల్లలకు యూదుల ఊచకోత చెబుతారా? ఆపించండి" అని పదకొండు వాక్యాలు రాశాను. సంతకం మాత్రం పెట్టలేదు. ఆ పుస్తకం నీ తరగతిలో ఉండాలో వద్దో రేపు తల్లిదండ్రుల సమావేశంలో తేలుస్తారు. రెండు వారాలుగా నువ్వు కంచం ముందు కూర్చుని లేచిపోతుంటే చూస్తూ ఊరుకున్నాను.

ఈరోజు నీ పాఠానికి వచ్చి వెనక బెంచీలో కూర్చున్నది తప్పులు పట్టడానికే. పెన్సిలు చెక్కుకుని మరీ వచ్చాను. ముప్పై రెండు పేజీల్లో శవం బొమ్మ ఒక్కటీ లేదు. పార్కు బెంచీ మీద కూర్చోనివ్వని పిల్ల, ఆ పిల్ల కోటు మీద, యూదులని గుర్తుపట్టేందుకు నాజీలు పెట్టించిన పసుపు నక్షత్రం కుడుతున్న తల్లి, ఆ ఇంటివాళ్ళను సైనికులు తీసుకుపోతున్న వీధి. వాళ్ళను ఎక్కించిన రైలు బొమ్మ దగ్గర నువ్వు గొంతు మార్చలేదు. "నాజీలు వాళ్ళను చంపేశారు. అరవై లక్షల మంది యూదుల్ని. పిల్లల్ని కూడా" అన్నావు. దాచలేదు, భయపెట్టలేదు.

అప్పుడు ముందుపళ్ళు ఊడిన పిల్ల లేచింది.

"టీచర్, వెనక్కి తిప్పండి. వీధి బొమ్మలో ఎదురింటి కిటికీ తెర పట్టుకుని ఎవరో చూస్తున్నారు. నాలుగు వేళ్ళున్నాయి!"

నువ్వు పుస్తకం కళ్ళ దగ్గర పెట్టుకున్నావు. "ఆరేళ్ళుగా చదువుతున్నానే! నాకెప్పుడూ కనబడలేదు. నువ్వు చూపించావు."

నేను ముప్పై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పాను. పిల్లల ముందు 'నాకు కనబడలేదు' అన్న మాట ఒక్కసారీ నా నోట రాలేదు.

"ఆ తెర వెనకవాళ్ళు బయటికెందుకు రాలేదు?" అని ఒక పిల్లవాడు అడిగాడు. "భయమేమో" అంది ఇంకో పిల్ల. "మనకెందుకులే అనుకున్నారేమో" అంది మన పిచ్చుక, ఏ బెదురూ లేకుండా.

ఆ దారుణానికీ నా చీటీకీ పోలిక పెట్టను, అది తప్పుడు లెక్క. కానీ పేరు దాచుకుని నీ పనికి అడ్డుపడ్డాను. సాయంత్రం హెడ్మాస్టరు గదికి వెళ్ళి చెప్పేశాను.

"అయితే ఉత్తరం వెనక్కి తీసుకుంటారా, అమ్మగారూ?" అన్నారాయన.

"తీసుకోను. సంతకం పెడతాను. నా పొరపాటేమిటో రాసి రెండో కాగితం జతచేస్తాను."

రేపు రెండూ నేనే చదువుతాను. రెండో దానిలో నీ పాఠం అద్భుతమని రాశాను. ఇంతవరకూ ఏ టీచరు గురించీ ఆ మాట రాయలేదు.

కోపగించుకో. అత్తగారినని మొహమాటపడకు.

నీ అత్తయ్య


అత్తయ్యగారికి,

కోపం వచ్చింది. త్వరగా పోయేది కాదు. అయినా రేపు మీ పక్క కుర్చీలోనే కూర్చుంటాను.

ఒక్క దిద్దుబాటు. "అద్భుతం" కొట్టేయండి. ఆ వేళ్ళను చూసింది ఎనిమిదేళ్ళ పిల్ల అని రాయండి. సమావేశానికి అది చాలు.

మీ కోడలు