సూది వేయించుకోబోయే చెల్లెలికి

చెల్లెలికి అక్క దీవెనలు. ఇక్కడ అందరం తిరుగుతూనే ఉన్నాము, అలసట తప్ప వేరే రోగమేమీ లేదు.

మీ ఊరి ఆసుపత్రిలో కొత్త టీకా పరీక్షకి నువ్వు పేరిచ్చావని తెలిసినప్పటినుంచి నాకు తిండి సహించడం లేదు. వద్దని రాద్దామనే ఈ కార్డు కొన్నాను. ఇంతలో మా అమ్మాయి ఆ టీకా తయారుచేసే ల్యాబు నుంచి వచ్చి, చెప్పులైనా విప్పకుండా గుమ్మంలోనే కూలబడింది. వైరస్ మళ్లీ మారిందట.

"పాత టీకా దాని చొక్కా చూసి గుర్తుపట్టేదమ్మా. అదేమో చొక్కాలు మార్చేస్తోంది. మా టీకా దాని ఎముకల్ని పడుతుంది. వాటిని అది మార్చుకోలేదు కదా" అంది.

"మరి ఆ ఏడుపు మొహం ఎందుకే?" అన్నాను.

"పోయినసారి సూది వేయించుకున్న పెద్దవాళ్లు జ్వరంతో మూలుగుతూ కూడా, ఫోన్ చేసిన నర్సుని కంగారుపెట్టడమెందుకని బాగానే ఉన్నామన్నారు. లెక్కంతా తప్పి మళ్లీ మొదటికొచ్చాం. పిన్నీ అంతేగా! కాలు విరిగి అంబులెన్సు ఎక్కిస్తుంటే కూడా బాగానే ఉన్నానంది."

దాని అవస్థ చూశాక ఇక నిన్ను వద్దనడానికి నాకు చెయ్యి రాలేదు. వెళ్లు. కడుపు నిండా తిని వెళ్లు, మరిదిని వెంటబెట్టుకో. మీ నీళ్ల ట్యాంకు కడిగించారా? కోడలి దగ్గు తగ్గిందా? నా ఉన్ని శాలువా మీ బీరువాలో ఉండిపోయింది, ఎవరైనా ఇటు వస్తే పంపు. పిల్లలకు నా ముద్దులు.

నర్సు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పు, చిన్న తలనొప్పి కూడా దాచకు. నాకు మాత్రం బాగానే ఉన్నానని రాయి.

నీ అక్క