పాప బూట్లు నేను సరిచేసిన సంగతి

ఆసుపత్రి పెద్ద డాక్టరుగారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పిల్లల పాదములకు ఇచ్చే బూట్లు ఎందుకు అట్లుండునో తల్లిదండ్రులకు విడమరచి చెప్పించుట గురించి, మరియు నా భార్యపై పడిన నిందను తొలగించుట గురించి.

తమ ఆసుపత్రి వెనుక వీధిలో బూట్లు కుట్టి బతుకుచున్న నేను సవినయముగా మనవి చేసుకొనునది ఏమనగా:

1. మా పాపకు పుట్టుకతోనే ఎడమ పాదము లోపలికి తిరిగి ఉన్నది. తమరు వారం వారం పిండికట్టు మార్చి చక్కబరిచినారు. పిదప, పడుకొనునపుడు తొడుగుటకు ఇనుప పట్టీకి బిగించిన బూట్ల జత ఇచ్చినారు. ఇంతవరకు ఫిర్యాదు ఏమియు లేదు.

2. సదరు బూట్ల ముక్కులు రెండూ బయటికి తిరిగి ఉన్నవి, ఎడమది మరీను. నా దుకాణంలో ఎవరైనా అలా బిగిస్తే వీపు విమానం మోత మోగేది. ఆసుపత్రి పనివాడికి కన్ను వంకర అనుకున్నాను. మరలు విప్పి, ముక్కులు తిన్నగా తిప్పి, మళ్ళీ బిగించాను. పని చక్కగా కుదిరింది. ఇరుగుపొరుగుకు చూపించాను కూడా.

3. ఆ బయటికి తిరిగి ఉండుటయే వైద్యమనియు, చక్కబడిన పాదము మరల లోపలికి పోకుండా అదే పట్టి ఉంచుననియు నాకు ఎవరూ చెప్పలేదు. ఇలా రాయాలనే మొదలుపెట్టాను. కానీ బూట్లు ఇచ్చిన రోజే నర్సమ్మగారు చెప్పారు. అప్పుడు నేను బూటు తిరగేసి కుట్టు చూస్తున్నాను. నా భార్య మాత్రం విన్నది. "తిప్పకండి, ఒకసారి అడుగుదాం" అన్నది. "బూట్ల గురించి నాకే చెప్తావా?" అన్నాను.

4. పాదం మళ్ళీ లోపలికి తిరిగింది. నిన్న పాపను తీసుకురాగా నర్సమ్మగారు, "పాప ఏడ్చిందని బూట్లు విప్పేసుంటావు. తల్లివేనా నువ్వు?" అని వరండాలో అందరిముందూ నా భార్యను దులిపేశారు. ఆమె, "అవునమ్మా, నాదే తప్పు" అన్నది. నేను పక్కనే బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నాను.

దారిలో ఎందుకలా చెప్పావని అడిగాను. "ఆ వరండాలో సగంమంది మీ దుకాణానికి వచ్చేవాళ్ళే. మీ పనికి చెడ్డపేరు రాకూడదని" అన్నది. తల కొట్టేసినట్లయింది.

కావున, ఇకమీదట బూట్లు ఇచ్చునపుడు తల్లికి, తండ్రికి ఇద్దరికీ కారణము చెప్పించి, వారిచేత తిరిగి చెప్పించుకొనవలెననియు, పనితనం ఉన్న తండ్రుల చేతిలోంచి ముందు బూటు లాగేసుకొనవలెననియు ప్రార్థన. నా భార్య ఒక్కరోజు కూడా బూట్లు తొడగడం మానలేదని నర్సమ్మగారికి, అదే వరండాలో, తెలియజేయవలెను. తిట్లు ఏమైనా మిగిలి ఉంటే నాకు ఇప్పించగలరు.

ఈ సిగ్గుమాలినవాడి మనవిని చిత్తగించవలెను.

తమ విధేయుడు,
పాప తండ్రి

తా.క.: అయ్యా, ఇది నా భార్యకు తెలియకుండా రాస్తున్నాను, తెలిస్తే చింపేస్తుంది. నిన్న మళ్ళీ పిండికట్టు వేస్తుంటే పాప ఏడుస్తూ నాకేసే చేతులు చాచిందండీ. ఏ మొహం పెట్టుకుని ఎత్తుకోను? వాళ్ళమ్మే, "తీసుకోండి, మిమ్మల్నే అడుగుతోంది" అన్నది. ఎత్తుకున్నాను. నా చొక్కా గట్టిగా పట్టుకుని నిద్రపోయింది.