అమ్మ చూపు

ఉదయగిరి

కలువాయిలోని ఆపాకు చెల్లెలు శంషాద్ సలాం. నేను బాగానే ఉన్నాను, కంగారు పడకు.

రెండు నెలలుగా చేతులు వణికి, చెక్కుతున్న చెక్క స్పూన్లు కాడ దగ్గరే విరిగిపోతున్నాయి. కడుపు నిండా తింటున్నా చిక్కిపోతున్నాను. మొన్న ఆత్మకూరు వెళ్తే డాక్టరమ్మ చేతులకన్నా ముందు నా కళ్లు చూసింది.

"మీ ఇంట్లో ఎవరికన్నా ఇట్లా గుడ్లు ముందుకొచ్చి ఉండాయా?" అంది.

"మా అమ్మకు. ఎప్పుడూ కోపంగా చూస్తా ఉండేది" అన్నాను.

"అది కోపం కాదేమోమ్మా, ఈ జబ్బేనేమో" అంది.

అదేం జబ్బని అడిగాను ఆపా. రోగాల నుంచి మనల్ని కాపాడాల్సిన ఒంటి శక్తే పొరపాటుపడి, గొంతులోని థైరాయిడ్ గ్రంథిని ఆగకుండా అదిలిస్తుందట. గుండె దడ, వణుకు అందుకేనట. కళ్లను కూడా పట్టుకుంటుందట. అమ్మ చేతిలో టీ గ్లాసు వణికితే, కొట్టబోతోందని మనం తలుపు వెనక దాక్కునేవాళ్లం!

నాకు మాత్రలిచ్చారు. మీ మరిది దగ్గరుండి మింగిస్తున్నారు. నీకూ గుండె దడ అన్నావు కదా, వెంటనే రక్త పరీక్ష చేయించుకో. బస్సులో పంపిన గరిటెలు అందాయా? పిల్లలకు నా దీవెనలు.

నీ దగ్గరున్న మన అబ్బా ఇప్పటికీ "మీ అమ్మ చచ్చేదాకా నా మీద గుడ్లురిమింది" అంటుంటారు కదా. ఈ కార్డు ఆయనకు చదివి వినిపించు. ఒకసారి కాదు, రెండుసార్లు.